పదాలు నేర్పించి తప్పు చేశా: ఒక క్రిప్టో గ్రూప్ కేసు

డబ్బు విషయంలో ఎక్కడో ఇరుక్కుపోయినవాళ్ళతో కూర్చుని మాట్లాడటం నా పని. ఏది కొనాలో ఏది అమ్మాలో నేను చెప్పను, వాళ్ళు నిర్ణయం ఎలా తీసుకుంటున్నారో వాళ్ళకే కనపడేలా చేయడం వరకే. ఈమధ్య క్రిప్టో కేసులు ఎక్కువగా వస్తున్నాయి, వాటిలో ఈ ఒక్కటి మొత్తం రాయాలనిపించింది, ఎందుకంటే ఇందులో మొదటి తప్పు నాదే, అదీ మంచి ఉద్దేశంతో చేసింది, నాలాంటి పని చేసే ఎవరైనా చేయగలిగేది. ఈ కేసులో నా దగ్గరికి వచ్చిన ఆమె సరే అన్నాకే రాస్తున్నా. టోకెన్ (అంటే ఆ క్రిప్టో నాణెం) పేరు, గ్రూప్ పేరు, ఆమెని గుర్తుపట్టగలిగే వివరాలు ఏవీ ఉండవు, కొన్ని మార్చా కూడా. గ్రూప్‌లో వాడిన మాటలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే పెట్టా, కేసంతా వాటి గురించే కాబట్టి.

నేపథ్యం

ఆమె ఉద్యోగమే మాటలతో, వేరేవాళ్ళు రాసింది చదివి తప్పులు దిద్దడం. ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా ఆవిడకి కంట్లో నలుసు పడ్డట్టే. పిల్లలు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు, సాయంత్రాలు ఖాళీ. ఎవరో లింక్ పంపితే ఒక కొత్త టోకెన్ తాలూకు చాట్ గ్రూప్‌లో చేరారు, మొదట కొంచెం పెట్టారు, అది పెరిగింది, ఇంకొంచెం పెట్టారు. నా దగ్గరికి వచ్చేసరికి చేరి నాలుగు నెలలు, దాచుకున్నదాంట్లో దాదాపు ఐదో వంతు అందులో ఉంది, ధర పై నుంచి సగానికి పైగా పడిపోయింది.

ఆమె వచ్చి అడిగింది

నేను డబ్బు గురించి మొదలుపెడతారేమో అనుకున్నా. ఆవిడ బ్యాగ్‌లోంచి ఒక నోట్‌బుక్ తీశారు. నిలువుగా ఒక గీత, ఎడమ పక్క గ్రూప్‌లో కనపడ్డ మాటలు, కుడి పక్క అర్థాలు, కుడి పక్క సగం పైగా ఖాళీ. "నాకు వాళ్ళ భాష రావట్లేదండీ, అందుకే ఎప్పుడు ఏం చేయాలో తెలియక నష్టపోతున్నా, ఇవి పూర్తి చేసిపెడితే చాలు" అన్నారు. సెర్ అంటే సర్ అయితే సర్ అనే రాయొచ్చు కదా, వెన్ మూన్ అని అడుగుతారు, ధర ఆకాశానికి ఎప్పుడు ఎక్కుతుంది అని, వెన్ స్పెల్లింగ్ ఎందుకలా చెడగొట్టారు, ఇవీ ఆవిడ ప్రశ్నలు. చెప్పాలంటే నాకు ముచ్చటేసింది. నష్టానికి కారణం తెలియకపోవడమే అని ఆవిడ నమ్మారు, నేనూ నమ్మేశా, ఎందుకంటే నా పనిలో సగం కేసులు నిజంగానే అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టినవే.

మొదట చేసింది, ఎందుకు చెడింది

రెండు సెషన్లలో ఆ నోట్‌బుక్ నింపేశాం. ఏటీహెచ్ అంటే ఇప్పటిదాకా తాకిన అత్యధిక ధర, డిప్ అంటే పడినప్పుడు, ఏప్ ఇన్ అంటే చదవకుండా దూకేయడం, డీజెన్ అంటే అలా దూకడమే అలవాటైనవాళ్ళు, బ్యాగ్ అంటే చేతిలో మిగిలిపోయిన టోకెన్లు, రెక్ట్ అంటే మునిగిపోవడం, వేల్ అంటే ధరని కదిలించేంత పెద్ద మొత్తం ఉన్నవాళ్ళు, షిల్ చేయడం అంటే తన దగ్గరున్నదాన్ని ఊరందరికీ పొగిడి అంటగట్టడం, వాగ్మీ అంటే మనందరం గట్టెక్కుతాం, ఎన్‌జీఎమ్‌ఐ అంటే గట్టెక్కరు, ఎన్‌ఎఫ్‌ఏ అంటే ఇది ఆర్థిక సలహా కాదు, డీవైఓఆర్ అంటే సొంతంగా పరిశోధన చేసుకో. అన్నీ సరైన అర్థాలే, ఇప్పుడు ఎవరైనా అడిగినా అవే చెప్తా.

రెండు వారాల తర్వాత వచ్చారు, మొహం వెలిగిపోతోంది. గ్రూప్‌లో ఇప్పుడు ఆవిడ కూడా రాస్తున్నారు, ఎవరో భయపడితే "హోడ్ల్ ఫ్రెన్, వాగ్మీ" అని, అంటే అమ్మకుండా పట్టుకో ఫ్రెండ్, గట్టెక్కుతాం అని ధైర్యం చెప్పారట, పాతవాళ్ళు మెచ్చుకున్నారట, ఆ ఊపులో డిప్ కొన్నారు. ఇంకొంచెం డబ్బు పెట్టారు.

నాకు గుండె జారింది. తర్వాత కూర్చుని ఆలోచిస్తే ఎక్కడ పొరపాటు పడ్డానో తెలిసింది. అలాంటి గ్రూప్‌లో ఎవరికెంత తెలుసు అని కొలవడానికి మరే కొలతా లేదు, డిగ్రీ అడగరు, పేరు కూడా అడగరు, మాట్లాడే తీరే గుర్తింపు కార్డు. నేను ఆ కార్డు తయారుచేసి చేతికిచ్చా. మాట రాని రోజుల్లో ఆవిడకి కనీసం ఒక అనుమానం ఉండేది, నాకు ఇదేం అర్థం కావట్లేదే అని ఆగేవారు, మాట వచ్చేసరికి విషయం కూడా వచ్చేసిందనే నమ్మకం కుదిరింది. షిల్ అంటే ఏంటో తెలిసిన మనిషి తానే షిల్ చేస్తున్నానని గమనించలేదు, ఎందుకంటే ఆ మాట ఎప్పుడూ వేరే టోకెన్ వాళ్ళ గురించే వాడతారు.

రెండోది కూడా పనిచేయలేదు

కంగారులో తర్వాతి అడుగు తొందరగా వేశా. గ్రూప్ నుంచి బయటికి రండి, ఒక నెల దూరంగా ఉండండి అన్నా. మాటల ప్రభావం పోవాలంటే మాటలకి దూరంగా ఉండాలి అని నా లెక్క. మూడు రోజులు ఉన్నారు, నాలుగో రోజు మళ్ళీ చేరిపోయారు. అడిగితే దాచకుండా చెప్పారు. "పొద్దున లేవగానే నాకు జీఎం అని పెట్టేవాళ్ళు పదిమంది ఉన్నారండీ అక్కడ. మీరు పెడతారా?"

నా దగ్గర సమాధానం లేదు. జీఎం అంటే గుడ్ మార్నింగ్, నోట్‌బుక్‌లో ఒక్క ముక్కలో రాసేశాం దాన్ని, అన్నిటికంటే తేలిక మాట అనుకుని. ఆవిడని అక్కడ కట్టిపడేసింది ఆ మాటే, ధర కాదు. బయటికి రమ్మనడం అంటే ఆ పదిమందినీ వదిలేయమనడం, దానికి బదులుగా నేనిచ్చేది ఏమీ లేదు. అప్పట్నుంచి ఎవరినీ ముందుగా గ్రూప్ వదిలేయమని చెప్పడం మానేశా.

ఒక టైపింగ్ తప్పు దగ్గర దారి దొరికింది

మూడోసారి ఏ ప్లానూ లేకుండానే కూర్చున్నా. హోడ్ల్ అనే మాట ఆవిడని ఇంకా ఇబ్బంది పెడుతోంది, అక్షరదోషం కదా, మనసొప్పట్లేదు. సరే అని దాని కథ చెప్పా. 2013 నవంబర్ చివర్లో బిట్‌కాయిన్ మొదటిసారి వెయ్యి డాలర్లు దాటింది, డిసెంబర్ మధ్యకి దాదాపు సగానికి వచ్చేసింది. డిసెంబర్ 18న బిట్‌కాయిన్‌టాక్ అనే ఆన్‌లైన్ ఫోరమ్‌లో ఒకతను విస్కీ తాగుతూ పోస్ట్ రాశాడు, హోల్డింగ్ అని కొట్టబోయి హోడ్లింగ్ అని కొట్టాడు, తప్పని తెలిసీ అలాగే వదిలేశానని అందులోనే చెప్పాడు. అసలు విషయం ఏంటంటే, తను మంచి ట్రేడర్ కాదనీ, ఎప్పుడు కొనాలో ఎప్పుడు అమ్మాలో తనకి తెలియదనీ, అందుకే అమ్మకుండా కూర్చుంటున్నాననీ రాసుకున్నాడు. తన గురించి తను చెప్పుకున్న మాట అది.

ఆవిడ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మరి మా గ్రూప్‌లో అది ఎదుటివాళ్ళకి చెప్తారేంటి?" అన్నారు.

ఫడ్ సంగతి కూడా చెప్పా. భయం, అనిశ్చితి, సందేహం, ఈ మూడిటికీ కలిపి పొట్టిపేరు, క్రిప్టో కంటే చాలా పాతది. 1970ల్లో ఐబీఎం వదిలి సొంత కంపెనీ పెట్టుకున్న జీన్ ఆమ్‌డాల్ పేరుతో ఆ మాట బాగా వ్యాపించింది, చిన్న కంపెనీ మిషన్ కొందామనుకునే కస్టమర్ మనసులో పెద్ద కంపెనీ సేల్స్‌వాళ్ళు నాటే భయాన్ని ఆయన అలా అన్నాడు. అంటే అమ్మేవాడు కొనేవాడి మీద చేసే పనికి పెట్టిన పేరు. ఇప్పుడు కొన్నవాడు అనుమానం వచ్చి అడిగే ప్రశ్నకి అమ్మేవాడు పెట్టే పేరు అయింది. మాట తిరగబడింది, ఎవరి చేతిలో ఉందో కూడా తిరగబడింది.

ఇక్కడ నాకు తట్టింది. ఆవిడకి అర్థాలు అక్కర్లేదు, అర్థాలు చెప్తే ఆవిడ విద్యార్థి అయిపోతారు, గ్రూప్‌లో పాతవాళ్ళు టీచర్లు అయిపోతారు. ఆవిడ చేతిలో ఎర్ర పెన్ను ఉన్నప్పుడు మాత్రం ఎవరి మాటకీ లొంగరు. అందుకే ఒక వారం చాట్ మొత్తం ప్రింట్ తీసుకురమ్మన్నా. "ఇది మీ టేబుల్ మీదకి వచ్చిన కాపీ అనుకోండి. ఎవరో బయటివాళ్ళు రాశారు. అచ్చుకి వెళ్ళేముందు మీరేం అడుగుతారో మార్జిన్‌లో రాయండి" అన్నా, ఇంకేం చెప్పలేదు.

పనిచేసింది ఇదే

మొదటి పేజీలోనే పెన్ను ఆగింది. గ్రూప్ పైన పిన్ చేసిన వాక్యం, "ఎల్‌పీ లాక్ అయింది, డెవ్ డాక్స్‌డ్, ఆడిట్ అయిపోయింది, ఫండ్స్ సేఫు." ఎల్‌పీ అంటే ఆ టోకెన్ కొనడానికీ అమ్మడానికీ వాడే లిక్విడిటీ పూల్, టోకెన్లూ డాలర్లూ కలిపి ఉంచిన ఉమ్మడి నిధి. లాక్ అంటే ఒక తేదీ దాకా దాన్ని బయటికి తీయలేకపోవడం. డెవ్ అంటే టోకెన్ తయారుచేసినవాళ్ళు. ఆవిడ చూసి, "ఇందులో కర్త లేదండీ" అన్నారు. లాక్ అయింది అంటే ఎవరు చేశారు, ఎంత, ఎప్పటిదాకా? ఆడిట్ అయిపోయింది అంటే చేసిందెవరు, దేన్ని చూశారు? మార్జిన్‌లో నాలుగు ప్రశ్నలు పడ్డాయి, ఎవరు, ఎంత, ఎప్పటిదాకా, ఎక్కడ చూడొచ్చు.

నేను పక్కన కూర్చుని సాంకేతికంగా కావలసిన చోట మాత్రం సాయం చేశా. ఆడిట్ కోడ్‌ని చూస్తుంది, టోకెన్లలో ఎక్కువ భాగం ఎవరి వాలెట్లో ఉందనేది దాని పని కాదు. కాంట్రాక్ట్, అంటే టోకెన్‌ని నడిపే కోడ్, రినౌన్స్ చేశారంటే దాన్ని మార్చే హక్కు వదులుకున్నారని, పెద్ద వాలెట్ వాళ్ళు అమ్ముకోరని కాదు. డాక్స్‌డ్ అంటే మొహం చూపించారని, అంతవరకే. అన్నీ కొంత నిజమున్న మాటలే, అక్కడే చిక్కు, అబద్ధమైతే పట్టుకోవచ్చు, ఇది ఒక ప్రశ్నకి జవాబు చెప్పి పది ప్రశ్నలకి చెప్పినట్టు వినపడుతుంది.

తర్వాత నోట్‌బుక్‌లో అర్థం గడి కొట్టేసి రెండు కొత్త గడులు గీశారు, ఆ మాట ఏ క్షణంలో వచ్చింది, అది విన్నాక నేనేం చేశా. ప్రింట్ ముందు పెట్టుకుని నింపుతుంటే ఒక వరస బయటపడింది. ఫడ్ అనే మాట ధర పడినప్పుడు కంటే ఎవరైనా ప్రశ్న అడిగినప్పుడే ఎక్కువ వచ్చింది. పేపర్ హ్యాండ్స్, అంటే భయపడి అమ్మేసేవాళ్ళు, అనే మాట ఎవరైనా అమ్ముతాననగానే వచ్చింది. డీవైఓఆర్ అయితే మరీ, కొనమని చెప్పిన మెసేజ్ చివర ఉంటుంది, పరిశోధన చేసి వచ్చి ఇదేంటి అని అడిగినవాళ్ళకి మాత్రం ఫడ్ అని జవాబు. కుడివైపు చివరి గడిలో దాదాపు అన్ని చోట్లా రెండే మాటలు, "అమ్మలేదు", "అడగలేదు". అవి తన చేతిరాతలోనే వరసగా కిందికి కనపడేసరికి ఆవిడ నోట్‌బుక్ మూసి, మంచినీళ్ళు అడిగారు.

ఆరోజు అక్కడితో ఆపేశా. ఇంకా ముందుకి తోస్తే నా మాట వినేవారు, కానీ అప్పుడు గ్రూప్ మాట బదులు నా మాట వింటున్నట్టు అయ్యేది, తేడా ఏముంది.

ప్రశ్న అడిగిన రోజు

తర్వాతి వారం ఆవిడే అన్నారు, గ్రూప్‌లో ఒక ప్రశ్న మామూలు మాటల్లో అడుగుతా అని. "లిక్విడిటీలో ఎంత శాతం లాక్ చేశారు, ఏ తేదీ దాకా, లింక్ ఇవ్వగలరా?" అంతే. మొదటి జవాబు "సెర్, ఫడ్ ఆపండి", రెండోది "డీవైఓఆర్", మూడోది "హ్యావ్ ఫన్ స్టేయింగ్ పూర్", పేదగా ఉండిపోవడం ఎంజాయ్ చెయ్ అని అర్థం. నాలుగోది రాకముందే ఆవిడని మ్యూట్ చేశారు.

ఆ రాత్రే అడ్మిన్ పేరూ ఫొటోతో ఒక పర్సనల్ మెసేజ్ వచ్చింది, మీ వాలెట్ సింక్ అవ్వలేదు, అందుకే మ్యూట్ పడింది, ఈ లింక్‌లో వాలిడేట్ చేయండి అని. లింక్ తెరిస్తే పన్నెండు ఖాళీ గడులు. ఆవిడ నాకు ఫోన్ చేసి, "వాలిడేట్ అనే మాటకి చివరి గడిలో ఏం రాయాలి?" అని అడిగారు. చేయబోయింది రాయండి అన్నా. కాసేపు ఏ శబ్దం లేదు, తర్వాత చదివి వినిపించారు, "నా పన్నెండు మాటలు ఇచ్చేయబోయాను." సీడ్ ఫ్రేజ్ గురించి మొదటి సెషన్‌లోనే చెప్పా, 2,048 మాటల జాబితాలోంచి వచ్చే పన్నెండో ఇరవై నాలుగో మాటలు, అవి ఎవరి దగ్గరుంటే వాలెట్ వాళ్ళది, ఏ సపోర్ట్‌కీ ఏ అడ్మిన్‌కీ వాటితో పనుండదు. ఆ అర్థం ఆవిడకి బాగానే గుర్తుంది. కానీ గడుల పైన సీడ్ ఫ్రేజ్ అని రాసి లేదు, వాలిడేషన్ కీ అని ఉంది. మాట మారిస్తే తెలిసిన సంగతి కూడా గుర్తురాదు, ఈ మోసం అంతా దాని మీదే నడుస్తుంది.

మర్నాడు బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో, అంటే లావాదేవీలన్నీ ఎవరైనా చూడగలిగే సైట్‌లో, ఇద్దరం కలిసి చూశాం. ఎల్‌పీ లాక్ అయిన మాట నిజమే, అయితే నాలుగో వంతు మాత్రమే, అదీ ఇంకో ఐదు వారాలకి తెరుచుకుంటుంది, మిగతాది కాంట్రాక్ట్ పెట్టినవాళ్ళ వాలెట్‌లోనే ఉంది. దాన్ని ఎప్పుడైనా లాగేసుకోవచ్చు, రగ్ పుల్ అనేది అదే.

అమ్మాలా వద్దా

ఇక్కడ నాకు భయం వేసిన చోటు ఇంకోటి ఉంది. ఆవిడ స్క్రీన్ మీద కనపడే బ్యాలెన్స్‌ని డబ్బు అనుకుంటున్నారు. గ్రూప్ అంతా మార్కెట్ క్యాప్ గురించే మాట్లాడుతుంది, ధర ఇంటూ మొత్తం టోకెన్లు, లక్షలూ మిలియన్లూ. కాగితం మీద ఒక లెక్క వేసి చూపించా. మామూలు పూల్‌లో ఒక పక్క 20,000 డాలర్ల స్టేబుల్‌కాయిన్ (విలువ డాలర్‌కి కట్టేసిన కాయిన్), ఇంకో పక్క అంతే విలువ టోకెన్లు ఉన్నాయనుకుందాం, రెండు పక్కల సంఖ్యలని గుణిస్తే వచ్చే లబ్ధం మారకూడదు, అది రూలు. స్క్రీన్ మీద 20,000 డాలర్లని చూపించే టోకెన్లు ఒక్కసారే అమ్మితే, ఫీజులు పక్కన పెడితే, చేతికొచ్చేది 10,000, అమ్మాక ధర నాలుగో వంతుకి పడుతుంది. మార్కెట్ క్యాప్ ఎన్ని మిలియన్లని రాసున్నా బయటికి తీయగలిగేది ఆ పూల్‌లో ఉన్న డాలర్లే, అవి ఎవరో కొని అందులో వేసినవే. ఎగ్జిట్ లిక్విడిటీ, అంటే ముందున్నవాళ్ళు అమ్ముకుని బయటపడటానికి పనికొచ్చే కొత్తవాళ్ళ డబ్బు, అనే మాటకి అసలు అర్థం అప్పుడు తెలిసింది ఆవిడకి, నోట్‌బుక్‌లో మేం రాసుకున్న అర్థం దీని ముందు ఎందుకూ పనికిరాలేదు.

వెంటనే వచ్చిన ప్రశ్న నేను ఊహించలేదు. "అయితే నేను అమ్మితే నాకొచ్చే డబ్బు ఎవరిది? పొద్దున జీఎం పెట్టేవాళ్ళదేగా?"

దీనికి నేను సమాధానం చెప్పలేదు, చెప్పే హక్కు లేదనిపించింది. రెండు రోజులు ఆలోచించి ఆవిడే తేల్చుకున్నారు. మ్యూట్ తీసేయగానే ఎక్స్‌ప్లోరర్‌లో చూసింది మొత్తం మామూలు మాటల్లో, శాతం, తేదీ, లింక్‌తో సహా గ్రూప్‌లో పెట్టారు, ఒక్క స్లాంగ్ మాట లేకుండా. గంటలోపు బ్యాన్ చేశారు. అమ్మడం ఆ తర్వాతే మొదలుపెట్టారు.

ముందు చాలా చిన్న మొత్తం అమ్మి చూడమన్నా, హనీపాట్ అయితే కొనడానికే తప్ప అమ్మడానికి వీలుండదు. 2021లో ఒక ప్రసిద్ధ కొరియన్ సీరీస్ పేరు వాడుకుని వచ్చిన స్క్విడ్ టోకెన్ అలాగే చేసింది, కొన్నవాళ్ళు అమ్మలేక చూస్తుండగానే 2,800 డాలర్లు దాటి, నవంబర్ 1న నిమిషాల్లో దాదాపు సున్నాకి వచ్చింది. ఇక్కడ అమ్మకం జరిగింది. ముక్కలుగా అమ్మినంత మాత్రాన ధర కలిసిరాదు, మధ్యలో ఎవరైనా కొంటేనే పూల్ మళ్ళీ నిండేది, అందుకని మూడు వారాల పాటు చూసుకుంటూ అమ్మారు. పెట్టినదాంట్లో మూడో వంతు కంటే కొంచెం తక్కువ వెనక్కి వచ్చింది. రగ్ పుల్ ఏమీ జరగలేదు చివరికి, లాక్ తెరుచుకున్నాక కూడా, కానీ కొనేవాళ్ళు లేక ఆ టోకెన్ మెల్లగా ఎండిపోయింది. మా అంచనా పూర్తిగా నిజం కాలేదని ఆవిడకి చెప్పా, మేం చూసింది అవకాశమే, జాతకం కాదు.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నవి

ఇప్పుడు ఎవరైనా స్లాంగ్ నేర్పమని వస్తే ముందు అర్థం చెప్పను. వాళ్ళ చాట్‌లోంచే ఆ మాట వచ్చిన చోటు చూపించమంటా, దానికి ముందు ఎవరు ఏం అన్నారో, దాని తర్వాత వీళ్ళేం చేశారో చదివిస్తా. అర్థం అక్కడే కూర్చుని ఉంటుంది. ధైర్యం చెప్పే మాటలని మరీ జాగ్రత్తగా చూస్తా. 2022 మేలో యూఎస్‌టీ అనే స్టేబుల్‌కాయిన్ డాలర్ దగ్గర నిలబడలేక జారుతున్నప్పుడు టెర్రా వ్యవస్థాపకుడు డో క్వాన్ "స్టెడీ లాడ్స్", కంగారుపడకండి కుర్రాళ్ళూ అని ట్వీట్ పెట్టాడు, ఆ నెల మొదట్లో 80 డాలర్ల పైనున్న దాని జత టోకెన్ లూనా వారం తిరిగేసరికి సెంటులో చిన్న ముక్క కూడా చేయలేదు. తమని తాము లునాటిక్స్ అని ప్రేమగా పిలుచుకున్న కమ్యూనిటీ అది, ఆ పిలుపులో ఎంత ఆప్యాయత ఉందో నేను చదివా, అందుకే అందులో ఉండిపోయినవాళ్ళని ఎవరైనా తెలివితక్కువవాళ్ళు అంటే నాకు కోపం వస్తుంది.

ఇంకోటి, ఈ భాషలో కాపాడే మాటలు కూడా ఉన్నాయి, వాటిని తీసిపారేయకూడదు. నాట్ యువర్ కీస్, నాట్ యువర్ కాయిన్స్, అంటే తాళాలు నీ దగ్గర లేకపోతే కాయిన్స్ నీవి కావు, అనేది ఎక్స్‌ఛేంజీలు మునిగి జనం నేర్చుకున్న మాట, 2014లో మౌంట్ గాక్స్, 2022లో ఎఫ్‌టీఎక్స్. హనీపాట్, రగ్, డ్రైనర్ (వాలెట్ ఖాళీ చేసేసే ప్రోగ్రామ్) అనే పేర్లు పెట్టింది కూడా ఆ గ్రూపుల్లో దెబ్బతిన్నవాళ్ళే. కానీ అవే మాటలని మోసం చేసేవాడు కూడా వాడతాడు, మీ కాయిన్స్ మీ చేతిలో ఉండాలి కదా, ఈ వాలెట్‌లోకి మార్చండి అంటాడు. కాబట్టి ఇది మంచి మాట, ఇది చెడ్డ మాట అని రెండు జాబితాలు చేయమని ఎవరైనా అడిగితే చేయను.

ఆరు నెలల తర్వాత

ఒకసారి వచ్చి కలిశారు. పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తాం, ముందు కొంత ఫీజు కట్టాలి అని రికవరీ ఏజెంట్ పేరుతో మెసేజ్‌లు వస్తున్నాయట, రికవరీ అనే మాట పక్కన చివరి గడిలో "జవాబు ఇవ్వలేదు" అని ఉంది. కొంచెం బిట్‌కాయిన్ ఇంకా ఉంచుకున్నారు, అది ఆవిడ ఇష్టం, నేనేం అనలేదు. పాత గ్రూప్‌లో ఇద్దరు ఆవిడ పెట్టిన లింక్ చూసి విడిగా మెసేజ్ చేశారట, వాళ్ళూ బయటికి వచ్చేశారు. ముగ్గురూ రోజూ పొద్దున ఇప్పటికీ జీఎం అనే పెట్టుకుంటారు. టోకెన్ల గురించి మాట్లాడుకోరు. నోట్‌బుక్‌లో జీఎం దగ్గర పాత అర్థం కొట్టేసి ఉంది, దాని పక్కన ఆ ఇద్దరి పేర్లు రాసి ఉన్నాయి.